మదర్-ఇన్-లా మూడా, నాలుగా? హైఫన్ మాటల సిలబుల్స్, స్ట్రెస్ గురించి

పద్మజ_కర్నూలు
మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. నిన్న హాఫ్ ఇయర్లీ ఇంగ్లిష్ పేపర్ దిద్ది ఇచ్చారు. హైఫన్ ఉన్న ఆరు మాటలిచ్చి, ఒక్కోదాన్ని సిలబుల్స్‌గా, అంటే పలికే ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్కను నొక్కి పలకాలో అక్కడ స్ట్రెస్ గుర్తు పెట్టమన్నారు. ఆరు మార్కులకు ఒక్కటే వచ్చింది. పేపర్ నా ముందే ఉంది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మదర్-ఇన్-లా: అమ్మాయి నాలుగు రాసింది. కొట్టేసి పక్కన ఎర్ర పెన్నుతో 3 వేశారు.
టీ-షర్ట్: మూడు రాసింది. 2 అని దిద్దారు.
ఓపెన్-మైండెడ్: మూడు రాసింది. 4 అని దిద్దారు. నెట్‌లో ఒక అమెరికన్ డిక్షనరీ తీసి నేనే చూశాను, మూడు ముక్కలుగానే ఉంది.
పాసర్-బై: స్ట్రెస్ మొదట పెట్టింది. చివరికి మార్చారు.
సెకండ్-హ్యాండ్: ఇదీ అంతే.
ఎక్స్-రే: రైట్ పడింది ఇదొక్కటే.

పిల్ల రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. "ఇదంతా లాటరీ అమ్మా, ఏం రాసినా తప్పే" అంటోంది. నేను తెలుగు మీడియంలో బీకాం చేశాను, మాకు ఈ పాఠాలు లేవు. దీనికి అసలు ఒక లెక్క ఉందా? ఉంటే కాస్త చెప్పండి. వాళ్ల మేడమ్‌ను కలిసే ముందు నాకు అర్థం కావాలి.

బస్‌పాస్_99
మదర్-ఇన్-లాలో స్ట్రెస్ ఎక్కడుందో మా ఆవిడను అడగండి, ఠక్కున చెబుతుంది 😄

డాలస్_సుబ్బు
మదర్-ఇన్-లా నాలుగే. మ, దర్, ఇన్, లా. వేళ్ల మీద లెక్కపెట్టినా నాలుగే. మూడెలా అయింది?

రాజమండ్రి_రవి
రెండు హైఫన్లు, మూడు ముక్కలు. అలా వేసుంటారు.

ఇంగ్లిష్‌సార్_కరీంనగర్
రవి గారు చెప్పిందే జరిగింది. పేపర్లు దిద్దేటప్పుడు ఒక కట్ట ముందుంటుంది, కళ్లు హైఫన్ దగ్గరే ఆగిపోతాయి. నేనూ సర్వీసు మొదట్లో ఈ తప్పు చేశాను. మేడమ్ మీద కోపం పెట్టుకోకండి, పద్మజ గారూ. కానీ ఆ మార్కు మీ అమ్మాయిదే.

అసలు విషయం. హైఫన్ కంటి కోసం పెట్టిన గీత. ఈ రెండు మూడు మాటలు కలిసి ఒకే మాటగా పనిచేస్తున్నాయని చదివేవాడికి చెప్పడం దాని పని. సిలబుల్ నోటికీ చెవికీ సంబంధించింది. ఒక మాటలో పలికే అచ్చులు ఎన్నో సిలబుల్స్ అన్ని. రాసిన అచ్చులు కాదు, పలికిన అచ్చులు. మదర్‌లో రెండు, ఇన్‌లో ఒకటి, లాలో ఒకటి. మొత్తం నాలుగు.

టీ-షర్ట్ విషయంలో మాత్రం మేడమ్‌దే రైటు. షర్ట్‌లో పలికే అచ్చు ఒక్కటే, టీలో ఒకటి. రెండు. మీ అమ్మాయి ఇంట్లో అనే మాటను లెక్కపెట్టింది: టీ, షర్, టు.

ఇది మనందరికీ ఉన్నదే. తెలుగు మాట సాధారణంగా అచ్చుతోనో, మ్, న్ లాంటి కొన్ని హల్లులతోనో ఆగుతుంది. ఇంగ్లిష్ మాట చివర పొల్లు హల్లు వస్తే ఒక ఉకారం తగిలిస్తేగానీ మన నాలుక ఊరుకోదు. బస్సు, కారు, షర్టు, బ్యాంకు. అందుకే ఫస్ట్-క్లాస్ ఇంగ్లిష్‌లో రెండే సిలబుల్స్ అయినా మన నోట్లో ఫస్టు క్లాసు, నాలుగు. మా క్లాసులో పిల్లలు తప్పు లెక్కపెట్టే మాటల్లో సగానికి పైగా ఇలాంటివే. ముందు ఆ చివరి ఉ తీసేసి పలకమనండి, ఆ తర్వాత లెక్కపెట్టమనండి.

లీడ్స్_సిస్టర్
సార్ చెప్పిన ఆ ఉకారం పోగొట్టుకోవడానికి నాకు ఇక్కడికొచ్చాక ఏడాది పట్టింది. ఎక్స్-రేని ఎక్సురే అనేదాన్ని. పేషెంట్లకు అర్థమయ్యేది, కానీ ఒక్క క్షణం ఆగి అర్థం చేసుకునేవాళ్లు. ఆ ఒక్క క్షణం మొహంలో కనబడేది.

ఛందస్సు_ప్రేమి
పద్మజ గారూ, పాపకు తెలుగు పద్యాలు వచ్చా? గురులఘువులు గుర్తించడం వస్తే ఇందులో సగం వచ్చేసినట్టే.

మీ పేరే తీసుకోండి. రాసేటప్పుడు ప, ద్మ, జ. మూడు అక్షరాలు, ప చూడటానికి హ్రస్వమే. అయినా గణవిభజనలో ప గురువు. ఎందుకంటే దాని వెనక ద్మ అనే సంయుక్తాక్షరం ఉంది. పలికేటప్పుడు ఆ ద్ వెనక్కి వెళ్లి ప మీద పడుతుంది: పద్ / మ / జ. రాత ఒకచోట విరుగుతుంది, ధ్వని ఇంకోచోట విరుగుతుంది. ఇది మన ఛందస్సుకు ఎప్పటినుంచో తెలుసు. ఇంగ్లిష్ సిలబుల్ కూడా ఇంతే. కాగితం మీద ఎక్కడ విరిగిందో చూడకూడదు, నోట్లో ఎక్కడ విరిగిందో చూడాలి.

డాలస్_సుబ్బు
పద్మ ఉదాహరణ అదిరింది సార్. పాతికేళ్ల కింద యమాతారాజభానస బట్టీపట్టాను, ఇది మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇంటర్_బైపీసీ
మా లెక్చరర్ గడ్డం కింద చెయ్యి పెట్టుకోమంటారు. మాట పలికితే గడ్డం ఎన్నిసార్లు చేతిని తాకితే అన్ని సిలబుల్స్. నాకు బాగా పనిచేస్తుంది.

ఇంగ్లిష్‌సార్_కరీంనగర్
మంచి పద్ధతే తమ్ముడూ. అచ్చు పలికినప్పుడల్లా దవడ కొంచెం కిందికి దిగుతుంది కాబట్టి పనిచేస్తుంది. కానీ షర్టు అని పలికితే గడ్డం కూడా తప్పు లెక్కే చెబుతుంది. ముందు ఉచ్చారణ సరిచూసుకో, తర్వాత చెయ్యి పెట్టు.

పద్మజ_కర్నూలు
ఇప్పుడే వంటింట్లో ఇద్దరం గడ్డం కింద చేతులు పెట్టుకుని టీ-షర్ట్, టీ-షర్టు అని పదిసార్లు అన్నాం. ఉకారం తీసేస్తే రెండు, పెడితే మూడు. స్పష్టంగా తెలుస్తోంది! మా అత్తగారు వచ్చి పంటినొప్పా అని అడిగారు.

టీ-షర్ట్ అర్థమైంది. మరి ఓపెన్-మైండెడ్ సంగతేంటి? డిక్షనరీలో కళ్లారా చూశాను కదా.

పాతప్రెస్_విజయవాడ
ఇది నేను చెప్పగలను. ముప్పై ఏళ్లు డీటీపీ, ప్రూఫులు చూశాను.

కొన్ని అమెరికన్ డిక్షనరీల్లో హెడ్‌వర్డ్, అంటే మనం వెతికే ఆ మాట, మధ్యలో చుక్కలు పెడతారు. అవి పలకడానికి కాదు, లైను చివర మాట పట్టకపోతే ఎక్కడ విరవొచ్చో చెప్పడానికి. ప్రెస్సువాళ్ల కోసం పుట్టిన చుక్కలవి. లైను చివర ఒంటరి అక్షరాన్ని వదలకూడదని అచ్చులో ఒక నియమం ఉంది. ఓపెన్‌ను విరిస్తే మొదటి ముక్కలో ఓ ఒక్కటే మిగులుతుంది. అందుకని అక్కడ చుక్కే పెట్టరు. పలికేటప్పుడు మాత్రం ఓ, పెన్ రెండూ ఉన్నాయి.

అందుకే చుక్కల ప్రకారం ఓపెన్, మైండ్, ఎడ్ అని మూడు ముక్కలు కనిపిస్తాయి. దాని కిందే రెండు గీతల మధ్య ఉచ్చారణ వేరే రాసుంటుంది, అది చూడండి: ఓ / పెన్ / మైన్ / డెడ్. నాలుగు. ఇంకో సంగతి గమనించారా? చుక్కల్లో డ్ మైండ్‌తో ఉంది, ఉచ్చారణలో అదే డ్ తర్వాతి ముక్కకు జరిగింది. ఒకే పేజీలో, ఒకే మాటకు, రెండు రకాల విరుపులు.

పద్మజ_కర్నూలు
అయ్యో, నిజమే. ఇప్పుడు తీసి చూశాను. కింద వేరేగా ఉంది. నేనే చుక్కలు చూపించి పిల్లను తప్పుదారి పట్టించాను. ఆ మార్కు పోయింది నావల్లే.

ఛందస్సు_ప్రేమి
బాధపడకండి. ద్ మీ పేరులో వెనక్కి జరిగింది, డ్ అక్కడ ముందుకు జరిగింది. సూత్రం ఒకటే.

ఇంటర్_బైపీసీ
సార్, మైండెడ్‌లో ఎడ్ వేరే సిలబుల్ కదా. మరి ఓల్డ్-ఫ్యాషన్డ్‌లో ఎందుకు కాదు? అక్కడ కూడా చివర ఈడీ అక్షరాలే ఉన్నాయి.

ఇంగ్లిష్‌సార్_కరీంనగర్
దాని ముందు ఏ ధ్వని ఉందో చూడు. ట్ గానీ డ్ గానీ ఉంటే ఎడ్ విడిగా పలుకుతుంది, సిలబుల్ పెరుగుతుంది. కైండ్-హార్టెడ్ మూడు, యాబ్సెంట్-మైండెడ్ నాలుగు. ట్, డ్ కాకపోతే ఎక్కువగా అది ముందు హల్లుకు అతుక్కుపోతుంది. ఓల్డ్-ఫ్యాషన్డ్: ఓల్డ్, ఫ్యా, షన్డ్. మూడే. బ్లూ-ఐడ్ రెండే. నేకెడ్, వికెడ్ లాంటి కొన్ని పాత మాటలు ఈ లెక్కకు లొంగవు. అవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, బట్టీపట్టు.

రాజమండ్రి_రవి
అంతా బాగానే ఉంది కానీ ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోకండి. ఇదంతా ఎవరికి కావాలి? నేను పదిహేనేళ్లుగా తెల్లవాళ్లతో కాల్స్‌లో మాట్లాడుతున్నా. ఒక్కడూ నీ స్ట్రెస్ తప్పు అనలేదు. ఎదుటివాడికి అర్థమైతే చాలదా? పిల్లల నెత్తిన ఈ టెన్షన్ ఎందుకు?

డాలస్_సుబ్బు
రవి గారూ, నా సంగతి చెబుతా. ఇక్కడికొచ్చిన కొత్తలో ఎయిర్‌పోర్ట్ కౌంటర్ దగ్గర ఆమె చేతిలో బ్యాగు ఏమైనా ఉందా అని అడిగింది. ఇక్కడ చేతి బ్యాగును క్యారీ-ఆన్ అంటారు. నేను ఆన్ మీద గట్టిగా నొక్కి క్యారీ-'ఆన్ అన్నాను. ఆమె థాంక్యూ అని తన పనిలో పడిపోయింది. మీ పని కానివ్వండి అని నేను అన్నట్టు వినపడింది ఆమెకు! వస్తువు పేరైతే నొక్కు మొదట: 'క్యారీ-ఆన్. క్రియైతే చివర: క్యారీ 'ఆన్. అర్థమే మారిపోయింది.

లీడ్స్_సిస్టర్
సుబ్బు గారిది నవ్వుకునే సంగతి, మా దగ్గర అంత తేలిక కాదు. డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల సంగతులు అప్పజెప్పే హ్యాండోవర్‌లో ఫిఫ్టీకి, ఫిఫ్టీన్‌కి తేడా ఎక్కువగా నొక్కులోనే ఉంది. 'ఫిఫ్టీ, ఫిఫ్'టీన్. అది తేలిపోతే పదిహేను ఎంఎల్ కాస్తా యాభై అయిపోతుంది. అందుకే మేం అంకెను విడదీసి వన్ ఫైవ్ అని మళ్లీ చెబుతాం. మన దేశం నుంచి వచ్చిన సిస్టర్లకు మొదటివారమే ఇది చెబుతాను.

చెక్-అప్, ఫాలో-అప్ కూడా అంతే. పేరుగా అయితే 'చెక్-అప్, 'ఫాలో-అప్. ఎవరూ తప్పని అనరు రవి గారూ, మర్యాదకు అనరు. ఇంకోసారి చెప్పమంటారు, అంతే. ఇంకోసారి అనిపించుకోవడం రోజుకు పదిసార్లయితే మనిషికి ధైర్యం పోతుంది. నాకు పోయింది. అందుకే పిల్లలకు ఇంటర్‌లోనే నేర్పడం మంచిదంటాను.

రాజమండ్రి_రవి
సిస్టర్, ఫిఫ్టీ విషయం ఒప్పుకుంటున్నా. మాకు కాల్‌లో పొరపాటైతే మెయిల్ పెడతాం, మీకు ఆ వీలు లేదు. అయినా పాసర్-బైలో నొక్కు చివర లేకపోతే ఏ ప్రాణం పోతుంది?

ఇంగ్లిష్‌సార్_కరీంనగర్
పోదు. కానీ అడిగారు కాబట్టి పిల్లకు చెప్పాలి.

సుబ్బు గారు, సిస్టర్ ఇచ్చినవన్నీ ఒక జాతి. క్రియ, దాని వెనక అప్, ఇన్, ఆఫ్, ఆన్ లాంటి చిన్న మాట. రెండూ కలిసి పేరైతే నొక్కు మొదట పడుతుంది. 'మేక్-అప్, 'చెక్-ఇన్, 'టేక్-ఆఫ్, 'వార్మ్-అప్. ఇంతవరకు సుఖం.

పాసర్-బై చూడటానికి అలాగే ఉన్నా జాతి వేరు. క్రియకు చివర అర్ చేర్చి పని చేసే మనిషిని చేశాం: పాసర్, రన్నర్, లుక్కర్. ఆ తర్వాత చిన్న మాట వచ్చింది. ఇలాంటప్పుడు నొక్కు ఆ చిన్న మాటకే వెళుతుంది. పాసర్-'బై, రన్నర్-'అప్, లుక్కర్-'ఆన్. ఇక్కడ మేడమ్ దిద్దింది సరైనదే.

చెక్-ఇన్ రెండు సిలబుల్సే అయినా నోట్లో చె / కిన్ అని వినపడుతుంది, మేక్-అప్ మే / కప్ అని. క్ గీత దాటి అవతలికి దూకుతుంది. బ్రిటిష్ ఉచ్చారణలో మదర్ అని విడిగా అంటే చివరి ర్ వినపడదు. అదే మదర్-ఇన్-లా అనేసరికి వెనక అచ్చు ఉంది కాబట్టి ఆ ర్ మళ్లీ పలుకుతుంది: మ / ద / రిన్ / లా. రన్నర్-అప్‌లోనూ అంతే. పాసర్-బైలో బ్ అడ్డం ఉంది కాబట్టి రాదు. నాకిది తెలిసిన రోజు ఎంత సంతోషం వేసిందో. మన సంధి లాంటిదే వాళ్ల నోట్లోనూ ఉంది, కాగితం మీద రాసుకోరు, అంతే.

ఛందస్సు_ప్రేమి
సంధి కనపడేసరికి సార్ కూడా మా పార్టీలోకి వచ్చేశారు.

బస్‌పాస్_99
సార్, ఈ పాఠం మాకు ఇంటర్‌లో చెప్పుంటే నేను ఇంకోలా ఉండేవాణ్ని.

పద్మజ_కర్నూలు
నోట్ చేసుకుంటున్నాను సార్. సెకండ్-హ్యాండ్ ఒక్కటి మిగిలింది. మా ఇంట్లో సెకండ్ హ్యాండ్ బండి అంటాం, మొదటే నొక్కుతాం. పిల్ల అదే రాసింది.

ఇంగ్లిష్‌సార్_కరీంనగర్
ఇదే అన్నిటికన్నా కష్టమైనది, నాకు ఇష్టమైనదీ ఇదే. నింపాదిగా రాస్తాను.

హైఫన్ ఉన్న విశేషణాలు చాలావాటిలో ముఖ్యమైన నొక్కు రెండో భాగం మీద ఉంటుంది. మొదటి భాగానికి చిన్న నొక్కు. ఓల్డ్-'ఫ్యాషన్డ్, బ్యాడ్-'టెంపర్డ్, గుడ్-'లుకింగ్, వెల్-'నోన్, సెకండ్-'హ్యాండ్. మాటను ఒంటరిగా ఇస్తే ఇదే జవాబు. వాక్యం చివర వచ్చినా ఇదే: దిస్ కార్ ఈజ్ సెకండ్-'హ్యాండ్.

ఇప్పుడు దాని వెనక ఒక నామవాచకం పెట్టండి. సెకండ్-హ్యాండ్ కార్. కార్ మీద నొక్కు పడాలి. హ్యాండ్ మీదా నొక్కితే రెండు దెబ్బలు పక్కపక్కనే పడతాయి. డప్పు వాయించేవాణ్ని అడగండి, మధ్యలో జాగా లేకుండా రెండు పెద్ద దెబ్బలు వేస్తే దరువు చెడుతుంది. అందుకని మొదటి దెబ్బ వెనక్కి జరుగుతుంది: 'సెకండ్-హ్యాండ్ 'కార్. ఓల్డ్-ఫ్యాషన్డ్ కూడా అంతే: ద హౌస్ ఈజ్ ఓల్డ్-'ఫ్యాషన్డ్, కానీ యాన్ 'ఓల్డ్-ఫ్యాషన్డ్ 'హౌస్. అంకెల్లోనూ ఇంతే. ట్వంటీ-'వన్ అంటాం, 'ట్వంటీ-వన్ 'గర్ల్స్ అంటాం.

కాబట్టి పద్మజ గారూ, మీ అమ్మాయి చెవి తప్పు వినలేదు. సెకండ్ హ్యాండ్ బండి అన్నప్పుడు మొదట నొక్కడం ఇంగ్లిష్‌వాడి పద్ధతికి కూడా దగ్గరే. పేపర్లో మాట ఒంటరిగా ఇచ్చారు కాబట్టి చివర పెట్టాలి. మేడమ్ తప్పు కాదు, పిల్లదీ పూర్తిగా తప్పు కాదు. ప్రశ్నే సగం అడిగినట్టుంది. నేనైతే వాక్యం ఇచ్చి అడుగుతాను.

పాతప్రెస్_విజయవాడ
సార్, గడియారంలో సెకన్ల ముల్లును కూడా సెకండ్ హ్యాండే అంటారు కదా?

ఇంగ్లిష్‌సార్_కరీంనగర్
భలే పట్టారు. అది నామవాచకం, హైఫన్ లేకుండా రాస్తారు. నొక్కు మొదట: 'సెకండ్ హ్యాండ్. పాత సామాను సెకండ్-'హ్యాండ్. అవే మాటలు, నొక్కు మారితే ఒకటి ముల్లు, ఇంకోటి పాత బండి.

డాలస్_సుబ్బు
'వైట్ హౌస్ అంటే వాషింగ్టన్‌లోది, వైట్ 'హౌస్ అంటే తెల్లరంగు వేసిన ఏ ఇల్లయినా. ఇదీ అదే కదా సార్?

ఇంగ్లిష్‌సార్_కరీంనగర్
అదే.

ఇంటర్_బైపీసీ
అయితే రూల్ రాసుకుంటున్నా. పేరైతే మొదట, విశేషణమైతే చివర. కరెక్టేనా సార్?

విశాఖ_ట్రైనర్
కరెక్ట్ కాదు తమ్ముడూ, అలా రాసుకుంటే మునుగుతావు. నేను స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను, ఈ రూల్ పట్టుకుని తప్పులు చేసేవాళ్లను రోజూ చూస్తాను. టైమ్-కన్స్యూమింగ్ విశేషణమే, నొక్కు మొదట. టంగ్-టైడ్ మొదట. కానీ హోమ్-మేడ్, డ్యూటీ-ఫ్రీ చివర. పేర్లు తీసుకో, మదర్-ఇన్-లా మొదట, వైస్-ఛాన్సలర్‌లో ఛాన్ మీద, సెల్ఫ్-కంట్రోల్‌లో ట్రోల్ మీద. త్రీ-వీలర్‌లో వీ మీద.

కరీంనగర్ సార్ చెప్పినవి తప్పనడం లేదు. ఏ జాతికి ఆ జాతి విడిగా నేర్చుకోవాలంటున్నా. ముందు అంకె ఉంటే రెండోదాని మీద. సెల్ఫ్, మాజీ అనే అర్థంలో ఎక్స్, వైస్ ముందుంటే రెండోదాని మీద. పేరు ముందు, ఇంగ్ మాట వెనక ఉంటే చాలావరకు మొదటిదాని మీద. మిగతావి డిక్షనరీ.

ఇంగ్లిష్‌సార్_కరీంనగర్
పూర్తిగా ఒప్పుకుంటున్నాను. విశేషణాలు "చాలావాటిలో" అన్నాను, అన్నిటిలో అనలేదు. ట్రైనర్ గారి విభజన నాదానికన్నా పిల్లలకు సులువు.

రాజమండ్రి_రవి
ఐస్-క్రీమ్ ఎటు? మా ఇంట్లో ఇద్దరు పిల్లలు రెండు రకాలుగా అంటారు. ఒకడు అమెరికా కార్టూన్లు చూస్తాడు, ఇంకోడు బ్రిటిష్‌వి.

లీడ్స్_సిస్టర్
ఇద్దరూ రైటే. ఇక్కడ క్రీమ్ మీద నొక్కేవాళ్లే ఎక్కువ, అమెరికాలో ఐస్ మీద. వీకెండ్ కూడా అంతే, ఇక్కడ వీక్'ఎండ్, అక్కడ 'వీకెండ్.

పాతప్రెస్_విజయవాడ
ఫైర్-ఇంజిన్ మూడా, నాలుగా?

విశాఖ_ట్రైనర్
ఫైర్‌ను కొందరు ఒకే సిలబుల్‌గా, కొందరు ఫై / యర్ అని రెండుగా పలుకుతారు. మూడన్నా నాలుగన్నా కొట్టేయకూడదు. ఇలాంటివి పరీక్షలో ఇవ్వకపోవడమే న్యాయం. మన తెలుగు లెక్కలో ఫైరింజను, ఆ ఉకారంతో మళ్లీ పెరుగుతుంది!

హెచ్ఆర్_గచ్చిబౌలి
నిన్నటినుంచి చదువుతున్నా. హైఫన్ ఉత్త కంటి గీత అన్న మాట దగ్గర ఆగాను. మా ఆఫీసులో జరిగింది వినండి.

ఒకబ్బాయి అగ్రిమెంట్ మీద మళ్లీ సంతకం పెట్టాలి. వచ్చే సోమవారం వచ్చి సంతకం పెడతానని మెయిల్ పెట్టాడు. రీ-సైన్ అని రాయాల్సింది, మధ్యలో గీత మర్చిపోయాడు. గీత లేకపోతే అది రిజైన్. వాళ్ల మేనేజర్ అది చూసి కంగారుపడి నాకు ఫోన్ చేశాడు, నేను ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. వాడికేమో ఏమీ అర్థం కాలేదు, ఉద్యోగం పోయిందనుకుని ఏడ్చినంత పని చేశాడు. గీత ఉంటే రీ అని సాగదీసి స్-తో పలుకుతాం, లేకపోతే జ్-తో రి'జైన్. గీత ఉచ్చారణ కూడా మార్చింది కదా సార్?

ఇంగ్లిష్‌సార్_కరీంనగర్
మార్చింది. నా మాట సవరించుకుంటాను. రీ, కో, ప్రీ లాంటివి ముందు వచ్చినప్పుడు హైఫన్ నోటికి కూడా దారి చూపిస్తుంది. రీ-కవర్ అంటే సోఫాకు మళ్లీ గుడ్డ వేయడం, రికవర్ అంటే కోలుకోవడం. కో-ఆపరేట్‌లో గీత పెట్టిందే రెండు అచ్చుల్ని కలిపి కూ అని చదవకుండా ఉండటానికి. కో / ఆ / ప / రేట్, నాలుగు. అక్కడ గీత ఉన్నచోటే సిలబుల్ కూడా విరుగుతుంది.

అయినా గీతలు లెక్కపెట్టి సిలబుల్స్ చెప్పడం అక్కడా కుదరదు. కో-ఆపరేట్‌కు ఒకే గీత, సిలబుల్స్ నాలుగు.

బస్‌పాస్_99
ఆ అబ్బాయి చివరికి సంతకం పెట్టాడా?

హెచ్ఆర్_గచ్చిబౌలి
పెట్టాడు. ఇప్పుడు మెయిల్స్‌లో "సైన్ అగైన్" అని రాస్తాడు.

ఇంటర్_బైపీసీ
ఇంకొక్క డౌట్. స్ట్రెస్ గుర్తు సిలబుల్‌కు ముందు పెట్టాలా, తర్వాతా? మా ఫ్రెండ్ తర్వాత పెట్టాడు, మార్కు పోయింది. వాడు చూసిన డిక్షనరీలో తర్వాతే ఉందట.

విశాఖ_ట్రైనర్
మీ పాఠ్యపుస్తకాల పద్ధతిలో ముందు. నొక్కే సిలబుల్ మొదలయ్యేచోట, పైన చిన్న నిలువు గీత. తక్కువ నొక్కుకు అదే గీత కింద. కొన్ని అమెరికన్ డిక్షనరీలు సిలబుల్ అయిపోయాక పెడతాయి. మీ ఫ్రెండ్ అది చూసుంటాడు. డిక్షనరీ తెరిస్తే ముందుపేజీల్లో గుర్తుల వివరం ఉంటుంది, అది చదవకుండా లోపలికి వెళ్లొద్దు.

పాతప్రెస్_విజయవాడ
డేనియల్ జోన్స్ ఉచ్చారణ నిఘంటువు పాత ప్రతి ఒకటి నా దగ్గర ఉంది. మొదటి కూర్పు 1917 నాటిది. ఆ తర్వాత కూర్పు మారినకొద్దీ ఉచ్చారణలు కూడా మారుస్తూ వచ్చారు. జనం ఎలా పలుకుతున్నారో విని రాసుకున్న పుస్తకం అది. పిల్లలెవరైనా విజయవాడ వస్తే చూపిస్తాను.

రాజమండ్రి_రవి
సిస్టర్ చెప్పింది రాత్రి చాలాసేపు ఆలోచించాను. ఇంకోసారి చెప్పమనడం నాకూ జరుగుతుంది, కాల్‌లో లైను బాలేదనుకునేవాణ్ని. నిన్న ఒక కాల్ రికార్డింగ్ విన్నాను. ఫాలో-అప్ అని ఎనిమిదిసార్లు అన్నాను, ఎనిమిదిసార్లూ అప్ మీదే నొక్కాను.

లీడ్స్_సిస్టర్
ఈరోజు 'ఫా మీద నొక్కి చూడండి రవి గారూ. రెండ్రోజులు వింతగా ఉంటుంది, మూడోరోజు అలవాటైపోతుంది.

పద్మజ_కర్నూలు
మేడమ్‌ను కలిసి వచ్చాను. భయపడుతూ వెళ్లాను, ఆమె చాలా మంచిగా మాట్లాడారు. మదర్-ఇన్-లా గట్టిగా రెండుసార్లు పలికి, వేళ్లు మడిచి, "నాలుగేనండీ, హైఫన్లు చూసి వేసేశాను" అన్నారు. అప్పటికప్పుడే దిద్దారు. సెక్షన్‌లో ఇంకా పదకొండు మందికి ఇదే పొరపాటు జరిగిందట, అందరివీ దిద్దుతామన్నారు.

సెకండ్-హ్యాండ్ గురించి సార్ చెప్పింది చెప్పాను. మార్కు ఇవ్వలేదు, కానీ ఈసారి వాక్యంలో పెట్టి ఇస్తామన్నారు. టీ-షర్ట్, ఓపెన్-మైండెడ్, పాసర్-బై మా తప్పులే అని ఒప్పుకున్నాం. ఒకటి కాస్తా రెండయింది.

రాత్రి అన్నం తింటూ గడ్డం కింద ఎడమచెయ్యి పెట్టుకుని కూర్చుంది పిల్ల. పచ్చడి జాడీ చూపించి "హోమ్-'మేడ్ అమ్మా, రెండు" అంటుంది. ఇంకో ముద్ద పెట్టుకుని, "'హోమ్-మేడ్ 'పికిల్ అంటే మాత్రం నాలుగు, నొక్కు కూడా మొదటికి వచ్చేసింది" అంటుంది. సార్, ఇది కరెక్టేనా?

ఇంగ్లిష్‌సార్_కరీంనగర్
నూటికి నూరు. ఇంతకీ ఏం పచ్చడమ్మా?

పద్మజ_కర్నూలు
గోంగూర సార్.